ఆపరేటరుగారావిడ

మన భాషలో ఒక తమాషా ఉంది. డాక్టరుగారావిడ అంటే డాక్టరు కాదు, డాక్టరు భార్య. లాయరుగారావిడ అంటే కోర్టు మెట్లు ఎక్కిన మనిషి కాదు, లాయరుకి వండిపెట్టే మనిషి. పని పేరు చివర ‘గారావిడ’ తగిలించగానే పని మాయమైపోయి కాపురం ఒక్కటే మిగులుతుంది. మా పెద్దమ్మని ఊరంతా ఆపరేటరుగారావిడ అనేవారు.

మొన్న ఆ సినిమాహాలు కూలగొట్టినప్పుడు పత్రికలో పెద్ద వ్యాసం వచ్చింది. యజమానుల పేర్లు వేశారు, మొట్టమొదట ఆడిన సినిమా పేరు వేశారు, గేటు బయట ఐసు అమ్మిన మనిషి ఫొటో కూడా వేశారు. ఆపరేటరుగా మా పెదనాన్న పేరుంది. ‘ఆయన భార్య కూడా కేబిన్‌లో తోడుగా ఉండేవారట’ అని ఒక ముక్క తగిలించారు. ఆ ‘తోడుగా’ అన్న మాట చూసి నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను కాబట్టి నా మాట ఎక్కడైనా కాస్త ఘాటుగా ఉంటే సర్దుకోండి.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. వేళ్ళ కొసల మీద చిన్న చిన్న కాలిన మచ్చలుండేవి. ఎవరైనా అడిగితే వంటింట్లో కాలిందనేది, అందరూ నమ్మేవారు. నవ్వించే మాటలు ఆవిడకి రావు. ఆ వాటా అంతా పెదనాన్న పుచ్చుకున్నాడు. ఆయన మాటకారి. వీధిలో నడుస్తుంటే పది అడుగులకొకరు ఆపి, “ఆపరేటరుగారూ, వచ్చేవారం ఏం సినిమా?” అని అడిగేవారు. ఏదో పెద్ద రహస్యం విప్పుతున్నట్టు గొంతు తగ్గించి చెప్పేవాడు. ఆ సినిమా పోస్టరు ఎదురుగోడ మీదే అంటించి ఉండేది.

కేబిన్ హాలు వెనకవైపు, పైన ఉండేది. వెనకసందులోంచి ఇనుప మెట్లు ఎక్కి వెళ్ళాలి. ఇరుకు గది, రెండు మెషీన్లు పక్కపక్కన, వేడి. మెషీన్ కడుపులో రెండు కార్బన్ కడ్డీలు కొసలు దగ్గరగా పెట్టుకుని మండుతుంటాయి. తెర మీద కనిపించే వెలుగంతా ఆ మంటదే. కడ్డీలు కాలి పొట్టివయ్యేకొద్దీ వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఏమరుపాటున ఉంటే హీరోయిన్ మొహం ముందు పాలిపోతుంది, తర్వాత మసకబారుతుంది, ఆ తర్వాత అసలు ఉండదు. ఇక రీలు మార్చడం. ఒక రీలు అయిపోవస్తుంటే తెర కుడివైపు పైమూలలో చిన్న చుక్క తళుక్కుమని పోతుంది. మీరు దాన్ని జన్మలో చూసి ఉండరు. మొదటి చుక్కకి రెండో మెషీన్ తిప్పాలి, రెండో చుక్కకి ఇక్కడి వెలుగు మూసి అక్కడి వెలుగు తెరవాలి. రెప్పపాటు ఆలస్యమైతే తెర తెల్లబోతుంది, దాంతోపాటు ఆపరేటరూ తెల్లబోతాడు.

ఆ మంటని నల్ల అద్దంలోంచి మాత్రమే చూడాలని మెషీన్ మీద రాసే ఉంది. పెదనాన్న వయసులో ఉన్నప్పుడు అద్దం పిల్లకాయలకి అనేవాడు. ఉత్త కళ్ళతో చూసి కడ్డీలు సరిచెయ్యడం ఆయనకదో గొప్ప. ఆ గొప్పకి ఫలితం నలభయ్యో ఏట మొదలైంది. ముందు చూపు మధ్యలో ఒక మసక మరక కనిపించిందట. మనిషి ఆకారం తెలిసేది, మొహం తెలిసేది కాదు. నడవగలడు, మెట్లెక్కగలడు, గొంతుని బట్టి ఎవరినైనా పేరు పెట్టి పలకరించగలడు. పై మూలలో వచ్చే చుక్క మాత్రం కనపడదు.

అది బయటపడింది ఒక మ్యాట్నీ ఆటలో. పెద్దమ్మ రోజూలాగే క్యారేజీ పట్టుకుని పైకెళ్ళింది. ఆవిడ చూస్తుండగానే తెర తెల్లబోయింది. హాలంతా ఈలలు, కేకలు. “ఒరేయ్ ఆపరేటర్, నిద్రపోతున్నావురా!” అని కింద కుర్చీలు చరుస్తున్నారు. పెదనాన్న రెండో మెషీన్ మీట కోసం గోడ తడుముతున్నాడు. పెద్దమ్మ క్యారేజీ కింద పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని మీట మీద పెట్టింది.

ఆ రాత్రి ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో తెలియదు. మర్నాటినుంచి ఆయన పక్కన నిలబడి చెప్పడం, ఆవిడ చెయ్యడం మొదలైంది. రీలు ఎక్కించడం, తెగితే అంచులు గీకి జిగురు రాసి అతకడం, చెవితోనే మెషీన్ జబ్బు కనిపెట్టడం, అన్నీ ఆయనే నేర్పాడు. కొంతకాలానికి ఆయన చెప్పడానికేమీ మిగల్లేదు. వదులు బట్టలు పళ్ళచక్రాల్లో పడతాయని ఆవిడ పెదనాన్న పాత చొక్కా చేతులు కత్తిరించి పైన తొడుక్కునేది. దిగేముందు విప్పి మేకుకి తగిలించి, మళ్ళీ ఆపరేటరుగారావిడ అయిపోయి, ఖాళీ క్యారేజీ పట్టుకుని కిందికొచ్చేది.

ఎలా దాగిందని అడుగుతారు. దాచక్కర్లేకపోయింది. భర్తకి క్యారేజీ తీసుకెళ్ళే ఆడమనిషిని ఎవరు పట్టించుకుంటారు? ఆట అయ్యేదాకా దిగకపోతే, మొగుడంటే ఎంత ప్రేమో అనుకున్నారు. యజమానికి మోకాళ్ళ నొప్పులు, ఆ మెట్ల జోలికి వచ్చేవాడు కాదు. మేనేజరుకి వేడి పడదు, కిందనుంచే కేకేసేవాడు, పెదనాన్న పైనుంచి పలికేవాడు. ఆ దంపతులు కాక సంగతి తెలిసింది మా అమ్మకీ నాకూ మాత్రమే.

అలా పన్నెండేళ్ళు గడిచాయి. ఇంటర్వెల్లో పెదనాన్న మెట్లు దిగి టీకొట్టు దగ్గర నిలబడేవాడు. “ఏం తిప్పారండీ, రీలు మారినట్టే తెలియలేదు” అంటే, “ఏదో, అలవాటైన చెయ్యి” అని చిరునవ్వు నవ్వేవాడు. ఆ సమయంలో పైన అలవాటైన చెయ్యి కొత్త కడ్డీలు బిగిస్తూ ఉండేది. నిజం చెప్పొద్దూ, ఆయన అందులో సుఖపడ్డాడు. పాపం చూపు పోయినవాడు కదా అని సరిపెట్టుకోవడానికి నేను చాలాసార్లు ప్రయత్నించాను, నాకు పూర్తిగా చేతకాలేదు.

ఒకసారి పెద్దమ్మనే అడిగాను. “నీకు కోపం రాదా?”

“ఎందుకు రాదు? వస్తుంది. కోపంలో కూడా చుక్క చూడాలిగా. ఆట అయ్యేసరికి సగం మర్చిపోతాను.”

“మిగతా సగం?”

“ఇంటికొచ్చాక ఆయనకే ఇస్తాను. ఉంచుకుని ఏం చేసుకుంటాను?”

ఆవిడ గర్వపడటం నేను చూసింది ఒకేసారి. ఎప్పుడో పాత కాపీ ఒకటి వచ్చి ఆటంతా తెగుతూనే ఉందట. “ఇవాళ నన్ను అన్నారే,” అంది ఇంటికొచ్చి, మొహం వెలిగిపోతూ. “ఎదవా అన్నారు, తాగుబోతా అన్నారు, కిందికి దిగరా నీ సంగతి చెప్తాం అన్నారు. అన్నీ నన్నే!” మా అమ్మ ముక్కు మీద వేలేసుకుంది. తిట్లు తిని సంబరపడే మనిషిని ఆవిడ అంతకుముందు చూడలేదు. నాకు మాత్రం అర్థమైంది. హాలు నిండా జనం ఆవిడ చేసే పనికి ఆవిడనే నిలదీసింది ఆ ఒక్కసారే.

ఇంత సినిమాల మధ్య బతికి, మాకు ఎన్నడూ ఒక్క కథ చెప్పలేదు పెద్దమ్మ. ఎలా ఉంది సినిమా అంటే, “ఏమోనే, నేను చుక్కకోసం చూస్తాను, బొమ్మకోసం కాదు” అనేది. రాయితో మాట్లాడినట్టుంటుందని మేం అడగడం మానేశాం.

పెదనాన్న ఉన్నట్టుండి పోయాడు. ఉదయం గడ్డం గీసుకుంటూ కూర్చున్న కుర్చీలోనే. నేనప్పటికి ఉద్యోగంలో చేరాను, సెలవు పెట్టి వచ్చాను. హాలు మూసేశారు. ఆపరేటరు పోయారు కాబట్టి ఆట లేదని గేటుకి బోర్డు కట్టారు. పెద్దమ్మ ఆ బోర్డు చూసి వచ్చి, “ఆపరేటరు పోలేదే, పోయింది మా ఆయన,” అంది. ఏడుస్తూనే అంది.

ఆదివారం హాల్లోనే సంతాపసభ అన్నారు. ఈలోగా మేనేజరు ఇంటికొచ్చి ఒక మాట చెవిన వేసి వెళ్ళాడు. పెద్దమ్మని దిక్కులేకుండా వదిలెయ్యరట, ఆపరేటరుగారి మీద గౌరవంతో ఆడవాళ్ళ టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెడతారట. సోమవారం నుంచి కేబిన్‌లోకి కొత్త ఆపరేటరు వస్తాడట.

ఆయన గుమ్మం దాటగానే అమ్మ అందుకుంది. “చూశావా అక్కా, ఎంత మంచివాళ్ళో! నీడపట్టున కూర్చునే పని. ఇక నువ్వు నోరెత్తకు.”

“ఎత్తకపోతే పైకి ఇంకెవరో వెళ్తారు.”

“వెళ్తే వెళ్ళనీ. నీకు తిండికి లోటా? బట్టకి లోటా? నిజం చెప్తే బావ పేరు ఏమవుతుంది? పోయినాయన మొహాన మట్టి కొడతావా? ఊళ్ళో ఎంత గౌరవంగా బతికాడు!”

పెద్దమ్మ తన వేళ్ళకేసి చూసుకుంది. “కిటికీ దగ్గర కూర్చుంటాను సరే,” అంది. “వెనకాల ఆట నడుస్తూ ఉంటుంది. నాకు అక్కడినుంచే మెషీన్ వినపడుతుందే. కడ్డీ ఎప్పుడు జరిపారో, ఎప్పుడు జరపలేదో తెలిసిపోతూ ఉంటుంది. అది వింటూ నేను టికెట్లు చింపాలా?”

అమ్మ ఏడ్చింది.

సభకి జనం బాగా వచ్చారు. తెర ముందు బల్ల, బల్ల మీద పెదనాన్న ఫొటో. నవ్వుతున్న ఫొటో. మొదటి వరసలో పెద్దమ్మ, ఆవిడ పక్కన అమ్మ, అమ్మ పక్కన నేను. మేనేజరు మైకు పట్టుకున్నాడు. పోయినవాళ్ళ గురించి అందరూ చెప్పేవి చెప్పి ఊరుకుంటాడనుకున్నాను. ఊరుకోలేదు.

“ముఖ్యంగా ఈ చివరి పన్నెండేళ్ళు చూడండి,” అన్నాడు. “మొదట్లో ఆయన కూడా అప్పుడప్పుడు తడబడేవారు, ఉన్నమాట చెప్పుకోవాలి. కానీ వయసు పైబడేకొద్దీ చెయ్యి ఎలా తిరిగిందండీ! రీలు ఎప్పుడు మారిందో దేవుడికి కూడా తెలియదు. అదీ అనుభవం అంటే!”

అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ తర్వాత మాట్లాడినవాళ్ళందరూ అదే పట్టుకున్నారు. ఆయన చేతి నేర్పు, ఆయన చూపు. ఆయన చూపు! నవ్వాలో ఏడవాలో తెలియక నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. చివర్న మేనేజరు వంగి, “రెండు మాటలు చెప్తావా అమ్మా?” అన్నాడు. చెప్పదనే అడిగాడు.

పెద్దమ్మ లేచింది. మైకు ముందు ఒక్కసారి ఫొటోకేసి చూసింది.

“మీరు చెప్పిందంతా విన్నాను,” అంది. “ఆ పన్నెండేళ్ళూ మెషీన్ నడిపింది నేను. ఆయనకి కళ్ళు కనపడేవి కావు.”

అయిపోయింది, చెప్పేసింది అనుకున్నాను. వెనకనుంచి ఎవరో ఆడమనిషి, “అయ్యో తల్లీ” అని వెక్కింది. మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడు.

“ఎంత మాట అన్నావమ్మా!” అన్నాడు మైకులోకి. “నిజమే. ఆయన కళ్ళు నువ్వే, ఆయన చేతులు నువ్వే. ప్రతి మగవాడి వెనకా ఇలాంటి ఇల్లాలు ఉండాలి.”

చప్పట్లు మోగాయి.

“వెనక కాదండీ,” అంది పెద్దమ్మ. “మెషీన్ దగ్గర నేనే ఉండేదాన్ని. ఆయన పక్కన కూర్చునేవారు.”

“అంతటి అన్యోన్యత!” అన్నాడు మేనేజరు. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ఆవిడ ఎంత నిజం చెప్తే అంత చప్పట్లు కొట్టారు. నా జన్మలో అలాంటి సభ మళ్ళీ చూడలేదు. ఆవిడ మాటలన్నీ వాళ్ళకి అర్థమవుతూనే ఉన్నాయి, ఆవిడ చెప్పిన అర్థం తప్ప ఇంకే అర్థమైనా చేసుకోవడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు.

పెద్దమ్మ వచ్చి కూర్చుంది. యజమాని లేచి, టికెట్ల కిటికీ ఉద్యోగం సంగతి ప్రకటించాడు. కొత్త ఆపరేటరు సంగతి కూడా ప్రకటించాడు. ఆ రెండో మాట ముగియకముందే పెద్దమ్మ పక్క తలుపు తోసుకుని బయటికి నడిచింది. జనం దారి ఇచ్చారు, ఏడవడానికి వెళ్తోందనుకుని. “వెళ్ళవే, కళ్ళు తిరిగి పడిపోతుందేమో,” అని అమ్మ నన్ను తరిమింది.

నేను వెనకసందు చేరేసరికి ఆవిడ మెట్లు సగం ఎక్కేసింది. కేబిన్‌లోకి నేను వెళ్ళడం అదే మొదలు. చొక్కా తొడుక్కుంది. రీళ్ళ డబ్బా తెరవడం, పళ్ళచక్రాల మధ్యనుంచి ఫిల్మ్ లాగడం, కడ్డీలు తాకించడం అన్నీ ఆ పెద్ద చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. గోడమీద మీట కిందికి లాగింది. హాల్లో దీపాలు మెల్లగా ఆరాయి. తర్వాత బొమ్మ పడింది.

చిన్న కిటికీలోంచి కింద తలలు కనపడుతున్నాయి. అందరూ వెనక్కి తిరిగి వెలుగుకేసి చూస్తున్నారు. ఆ సందడిలో మేనేజరు గొంతు స్పష్టంగా వినిపించింది: “కొత్తాయన అప్పుడే వచ్చేశాడా?”

అది విని పెద్దమ్మ మొహం ఎలా పెట్టిందో చెప్పలేను. వీపు నావైపు ఉంది.

రీలు అయిపోవచ్చేసరికి ఇనుప మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒక మెట్టుకి ఒక మూలుగు. యజమాని. తలుపు దబదబా బాదాడు. “ఎవరు లోపల?”

నేను గడియ మీద చెయ్యి వేశాను. “ఉండు,” అంది పెద్దమ్మ. తలుపుకేసి గొంతు పెంచి, “కాసేపు ఆగండి, రీలు మారాలి!” అని కేకేసింది. ఆ హాలు, ఆ మెషీన్లు, ఆ తలుపు ఎవరివో ఆ మనిషి బయట నిలబడి ఆగాడు. చుక్క వచ్చింది, నేను కూడా చూశాను. రెండో చుక్క వచ్చింది. ఆవిడ రెండు చేతులూ ఒకేసారి కదిలాయి. కింద బొమ్మ ఏమీ ఎరగనట్టు సాగిపోయింది.

“ఇప్పుడు తియ్యి,” అంది.

యజమాని ఎగశ్వాసతో లోపలికొచ్చాడు, వెనకాల మేనేజరు. ఇద్దరూ గదంతా చూశారు. యజమాని మెషీన్ వెనక్కి కూడా తొంగిచూశాడు, మగవాడెవడైనా దాక్కున్నాడేమోనని. ఎవరూ లేరు. అప్పుడు పెద్దమ్మకేసి చూశాడు. ఆవిడ నల్ల అద్దంలోంచి మంట చూసుకుంటూ కడ్డీ జరుపుతోంది.

“అయితే కింద నువ్వు చెప్పింది...”

“నిజమేనండీ.”

“ఇన్నేళ్ళు మమ్మల్ని వెర్రివాళ్ళని చేశాడన్నమాట!” అన్నాడు మేనేజరు. కొద్దిసేపటి క్రితం మైకు ముందు కళ్ళు తుడుచుకున్న మనిషే. “మరి రోజూ ఇక్కడికొచ్చి ఏం చేసేవాడు?”

హాల్లోంచి ఆ మెట్లు ఎక్కేలోపు పెదనాన్న ‘వారు’ నుంచి ‘వాడు’కి దిగిపోయాడు. అమ్మ భయపడింది దీనికే. పెద్దమ్మ కూడా ఆ మాట విన్నది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

“సినిమా చూసేవారు,” అంది, చివరి అక్షరాలు నొక్కి.

“కళ్ళు లేవన్నావుగా?” అన్నాడు యజమాని.

“నేను చెప్తుంటే చూసేవారు. ఇప్పుడు తలుపు తీసింది, ఇప్పుడు అతను వచ్చాడు, ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటోంది, ఇలా. ప్రతి ఆటా చెప్పేదాన్ని. చూసిందే మళ్ళీ వచ్చినా చెప్పమనేవారు. ఈ పని నాకు చేతికిచ్చిన మనిషండీ. ‘వాడు’ అనొద్దు.”

మాకు ఒక్క కథ కూడా చెప్పని మనిషి. ఉన్నవన్నీ ఆయనకే ఖర్చుపెట్టేసింది. ఆయన మీద ఇన్నేళ్ళు నేను దాచుకున్న కోపం ఏమైపోయిందో నాకే తెలియలేదు. మేనేజరు నేలకేసి చూశాడు.

యజమాని మోకాళ్ళు రాసుకుంటూ అక్కడే నిలబడ్డాడు. ఆవిడ చేతులకేసి చూశాడు.

“సోమవారం వచ్చే అతనికి ఏం చెప్పమంటావు?” అన్నాడు.

పెద్దమ్మ కిటికీలోంచి తెరకేసి చూస్తోంది. తల తిప్పలేదు.

“ఆపరేటరు ఉందని చెప్పండి.”

ఆయన గుమ్మం దాకా వెళ్ళి, గోడ పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు.

“ఉన్నారని చెప్తాను,” అన్నాడు.